లోకం అంతం కాలేదని ధృవీకరణ పత్రం

గుండ్లమెట్ట ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పే కెజియా టీచరు ఫిబ్రవరి మూడో తేదీ సోమవారం ఉదయం ప్రార్థన అయిపోగానే హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళి సెలవు చీటీ ఇచ్చింది. ఆ నెల ఇరవయ్యో తేదీ గురువారం నుంచి సెలవు కావాలని అందులో రాసింది. కారణం అన్నచోట 'ప్రభువు రెండవ రాకడ, లోకాంతము' అని ఉంది. తిరిగి విధులలో చేరు తేదీ అన్నచోట మాత్రం చిన్న గీత పెట్టింది.

హెడ్మాస్టరు కోటిలింగం గారు చీటీని రెండుసార్లు చదివారు.

"ఏందమ్మా ఇది? ఈ గీతేంది?"

"తిరిగి రావడం ఉండదు సార్."

"ఎక్కడికి పోతన్నారో నేనడగడం లేదు. మీ ఇష్టం, ఎక్కడికన్నా పోండి. ఎప్పుడొస్తారో రాయకుండా పొయ్యే హక్కు ఉద్యోగికి లేదు. ఏదో ఒక తేదీ వెయ్యండి."

"అబద్ధం రాయలేను సార్."

కోటిలింగం గారికి ఆమె మీద కోపం రాలేదు. పదహారేళ్ళుగా ఆ బడిలో ఒక్క పీరియడు ఎగ్గొట్టని మనిషి ఆమె. అందుకని అసలు భయం బయటపెట్టారు. "మార్చి పదిహేడు నుంచి టెన్త్ పరీక్షలు. సిలబస్ ఎంతవరకొచ్చింది?"

"పూర్తయింది సార్. రెండుసార్లు పునశ్చరణ కూడా చేయించాను."

"లోకమే ఉండదంటిరి. ఇంక పునశ్చరణ ఎందుకమ్మా?"

"అందరూ పరలోకానికి ఎత్తబడరు సార్. మిగిలిపోయే పిల్లలు పరీక్ష రాయాలి గదా."

హెడ్మాస్టరు చీటీ మీద బడి ముద్ర వేశారు. సెలవు ఇవ్వడానికీ, ఇవ్వకపోవడానికీ తనకు అధికారం లేదని తేల్చుకుని చీటీని జిల్లా ఆఫీసుకు పంపారు.

కెజియా టీచరు 'వెలుగుచున్న దివిటీల సహవాసం' అనే సంఘంలో సభ్యురాలు. ఊళ్ళో వాళ్ళను దివిటీలోళ్ళు అంటారు. ముప్పై ఏళ్ళ కిందట సర్వే శాఖలో పనిచేస్తున్న దైవాశీర్వాదం అనే ఆయన పొలాలు కొలిచీ కొలిచీ, చివరికి లేఖనాల్లోని రోజుల్ని కూడా కొలవడం మొదలుపెట్టాడు. కాలానికి కూడా హద్దురాయి ఉంటుందనీ, అది ఫలానా తేదీ దగ్గర పాతి ఉందనీ తేల్చాడు. ఉద్యోగం మానేసి రేకుల షెడ్డులో ప్రార్థన మొదలుపెట్టాడు. అప్పటినుంచి అందరికీ ఆయన అయ్యగారు.

మొదటిసారి ఆయన చెప్పిన రోజున లోకం అంతం కాలేదు కానీ పెద్ద గాలివాన వచ్చి షెడ్డు రేకులు ఎగిరిపోయాయి. లెక్క దాదాపు సరిపోయిందని సంఘంలో సగంమంది సంతోషించారు. రెండోసారి చెప్పిన రోజు పోలింగు రోజైంది. సభ్యులందరూ పొద్దున్నే ఓటు వేసి, వేలి మీద సిరా గుర్తుతోనే తెల్లబట్టలు కట్టుకుని మందిరానికి వచ్చారు. సాయంత్రానికి ఎన్నికలు మాత్రమే ముగిశాయి. ఆ తర్వాత సంఘం చీలడానికి తేదీలు కారణం కాదు, చెప్పులు. ఎత్తబడే సమయంలో చెప్పులు కాళ్ళకు ఉండాలా, బయట వదలాలా అన్న ప్రశ్న మీద ఎనిమిది నెలలు చర్చ జరిగింది. చెప్పులు వద్దన్నవాళ్ళు పదకొండు కుటుంబాలు విడిపోయి పక్క వీధిలో వేరే సంఘం పెట్టుకున్నారు. ఇప్పటికీ ఈ రెండు సంఘాలవాళ్ళు ఎదురుపడితే ముందు ఒకరి కాళ్ళవైపు ఒకరు చూసుకుంటారు.

మూడోసారి తేదీని అయ్యగారు ఎంతో జాగ్రత్తగా లెక్క వేశారు. ఫిబ్రవరి ఇరవై, గురువారం, మధ్యాహ్నం మూడు గంటలు. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు. లెక్కకు ఆయనా, ఏర్పాట్లకు కార్యదర్శి నతానియేలూ బాధ్యులు. నతానియేలు ఏ పనినైనా సబ్‌కమిటీ వేయకుండా చేయడు. ఎత్తబడువారి గుర్తింపు కార్డులు, వరుస నంబర్లు, వృద్ధులకు ముందు వరుస, ఇవన్నీ అతని ఆలోచనలే.

జిల్లా ఆఫీసులో కెజియా టీచరు చీటీ సూపరింటెండెంటు పట్టాభి గారి బల్ల మీదికి చేరింది. ఆయన దానికి కొత్త ఫైలు తెరిచి, అట్ట మీద 'లోకాంతము – ఉపాధ్యాయుల సెలవు – స్పష్టత కోరుట – గూర్చి' అని స్వహస్తాలతో రాశారు. మూడు రోజుల్లో హెడ్మాస్టరుకు మెమో వచ్చింది.

'సదరు లోకాంతము ప్రభుత్వముచే సెలవు దినముగా ప్రకటింపబడినదా, లేదా తెలుపవలెను. సదరు ఉపాధ్యాయిని ఆకాశమార్గమున వెళ్ళుచున్నట్లు తెలియవచ్చుచున్నందున, హెడ్‌క్వార్టర్సు విడుచుటకు ముందస్తు అనుమతి పొందినదా తెలుపవలెను. సెలవు కాలములో ఉండు చిరునామా వద్ద పరలోకము అని మాత్రమే పేర్కొనబడినది. పిన్‌కోడు లేదు.'

కెజియా టీచరు స్వయంగా జిల్లా ఆఫీసుకు వెళ్ళింది. పట్టాభి గారు ఆమెను కూర్చోమని మర్యాద చేశారు.

"ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఇలాంటి ఫైలు నా బల్ల మీదికి రాలేదమ్మా. ప్రసూతి సెలవు చూశాం, యాత్ర సెలవు చూశాం. దీనికి రూలు లేదు. రూలు లేదని ఊరుకుంటే ఆఫీసు ఎందుకు? నేను తయారు చేశాను, వినండి." ఆయన గొంతు సవరించుకున్నారు. "సదరు ఉపాధ్యాయినికి లోకాంతము నిమిత్తము జీతము లేని అసాధారణ సెలవు మంజూరు చేయడమైనది. సదరు సెలవు, లోకాంతము పూర్తి అయిన మరుసటి పనిదినమున ముగియును. ఎలా ఉంది?"

"నేను తిరిగి రాను కదా సార్."

"మీరు రాకపోయినా సెలవు ముగియాలి కదమ్మా. ముగింపు లేని సెలవు సర్వీసు రిజిస్టరులో ఎక్కదు."

"నా బదులు లెక్కలకు ఎవర్నైనా వేస్తారా సార్? పిల్లలు..."

"మీరు సెలవులో ఉన్నారంటే పోస్టు ఖాళీ కానట్టు. ఖాళీ కాని పోస్టులో ఇంకొకర్ని ఎలా వేస్తాం?"

ఆమె ఉత్తర్వు తీసుకుని బస్సెక్కింది. పరలోకానికి వెళుతున్నానన్న సంతోషం కంటే నలభై ఇద్దరు పిల్లలకు త్రికోణమితిలో ఎవరు సందేహాలు తీరుస్తారన్న దిగులే ఆ ప్రయాణమంతా ఆమెను పట్టుకుంది.

ఆమె భర్త ఇశ్రాయేలు బస్సు డిపోలో మెకానిక్. అతనిది ఊళ్ళోని పెద్ద చర్చి. ఆ రోజును లెక్కగట్టే పని దేవుడు మనుషులకు అప్పగించలేదని అతని నమ్మకం. అయినా భార్యతో వాదన పెట్టుకోలేదు. ఇరవయ్యో తేదీ పొద్దున ఆమె తెల్లచీర ఇస్త్రీ చేసుకుంటుంటే, అతను క్యారేజీ కట్టుకుని గుమ్మంలో ఆగాడు.

"సాయంత్రం వచ్చేటప్పుడు కొత్తిమీర తెమ్మంటావా?"

ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

"తెండి," అంది చివరికి, తల ఎత్తకుండా.

మందిరంలో నూట ముప్పైమంది చేరారు. నతానియేలు వరుస నంబర్ల ప్రకారం అందర్నీ నిలబెట్టాడు. వీధి చివర ఒక కానిస్టేబులు నిలబడి, కార్యక్రమం ఎన్నింటికి ముగుస్తుందో స్టేషనుకు చెప్పాలని ప్రతి అరగంటకూ అడిగి వెళుతున్నాడు. రెండున్నరకు పాటలు ఆగిపోయాయి. మూడయింది. పైకప్పు రేకులు ఎండకు టపటపమన్నాయి, అందరూ ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు. అవి ప్రతి మధ్యాహ్నం అలాగే అంటాయి.

మూడుంబావు అయింది. నాలుగయింది. ముందు వరుసలో ఒక ముసలమ్మ కాళ్ళు నొప్పిగా ఉన్నాయని కూర్చుంది. ఆమెను చూసి ఇంకొకరు కూర్చున్నారు. అయ్యగారు మాత్రం కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని తన నోటుపుస్తకం వైపు చూస్తూ ఉండిపోయారు. కెజియా టీచరు గ్లాసుతో మంచినీళ్ళు తీసుకెళ్ళింది. ఆయన గ్లాసు అందుకున్నారు.

"వీళ్ళందరికీ ఏం చెప్పాలమ్మా నేను?"

"నిజం చెప్పండి అయ్యగారూ."

ఆయన లేచేలోపే నతానియేలు మైకు పట్టుకున్నాడు. "దేవుని పిల్లలారా! కార్యవర్గం ఇప్పుడే అత్యవసరంగా సమావేశమై ఏకగ్రీవంగా తీర్మానించింది ఏమనగా, సరిగ్గా మూడు గంటలకు లోకాంతం జరిగిపోయింది. ఆత్మలో జరిగింది గాబట్టి కంటికి కనపడదు. ఇప్పుడు మనం ఉన్నది అంతం తర్వాతి కాలంలో. పాత గుర్తింపు కార్డులు ఆఫీసులో అప్పగించి కొత్తవి తీసుకోవలసిందిగా కోరుతున్నాం."

కొందరు స్తోత్రం అన్నారు. కొందరు ఏడ్చారు. చాలామంది చెప్పులు వెతుక్కున్నారు.

ఆ సాయంత్రం కెజియా టీచరు ఇంటికి నడిచి వెళుతుంటే టీకొట్టు దగ్గర ఎవరో, "ఏం టీచరమ్మా, పైకి పోలేదా? బండి రాలేదా?" అన్నారు. ఆమె కొంగు నిండా కప్పుకుని నడక వేగం పెంచింది. ఇల్లు చేరేసరికి ఇశ్రాయేలు వంటింట్లో పప్పు తాలింపు వేస్తున్నాడు. రెండు పళ్ళాలు పెట్టాడు. ఆమె ముద్ద కలిపి, నోటిదాకా తీసుకెళ్ళలేక వెక్కివెక్కి ఏడ్చింది.

"ముప్పైమందికి చెప్పానండీ నేను," అంది. "నా మాట మీద వచ్చారు వాళ్ళు."

"రేపు బడికి పో," అన్నాడు ఇశ్రాయేలు. "బడికి పోతే కుదుటపడతావు."

శుక్రవారం ఆమె అందరికంటే ముందే బడికి వెళ్ళింది. హాజరు పుస్తకం తెరవబోతే కోటిలింగం గారు దాని మీద చెయ్యి పెట్టారు.

"నాకు మాత్రం మిమ్మల్ని ఆపాలని ఉందా తల్లీ? ఉత్తర్వు చూడండి. లోకాంతము పూర్తి అయిన మరుసటి పనిదినమున చేరాలని రాశారు. లోకం అంతమైందా?"

"కాలేదు సార్."

"కాలేదంటే మీ సెలవు ఇంకా నడుస్తా ఉంది. సెలవులో ఉన్న మనిషి సంతకం పెడితే నా ఉద్యోగం పోద్ది."

"పోనీ అయిందనుకోండి."

"అయిందని మీరు రాసిస్తే నేను చేర్చుకుంటా. కానీ అయిపోయిన లోకంలో ఈ బడి ఎట్టా ఉందని పైనుంచి అడుగుతారు. దానికి నేనేం చెప్పాలి?"

ఆయన పట్టాభి గారికి ఫోను చేశారు. పట్టాభి గారు పది నిమిషాలు ఆలోచించి మార్గం చెప్పారు. లోకాంతం రద్దయిందని సమర్థ అధికారి నుంచి ధృవీకరణ పత్రం తెస్తే సెలవును కూడా రద్దు చేయవచ్చు.

సమర్థ అధికారి అంటే తహసీల్దారు. నాగరత్నకుమారి గారు కుల, ఆదాయ, నివాస ధృవీకరణ పత్రాలు రోజుకు రెండు వందలు సంతకం చేసే మనిషి. దరఖాస్తును పూర్తిగా చదివి తల ఎత్తారు.

"లోకం అంతం కాలేదని రాయాలా? నా పరిధి ఈ మండలం వరకే అమ్మా. మండలంలోని పద్దెనిమిది గ్రామాల్లో అంతం కాలేదని రాయగలను. పక్క మండలం సంగతి నాకు తెలియదు."

"మా బడి ఈ మండలంలోనే ఉంది మేడమ్."

"అయితే ఫరవాలేదు. గ్రామాలవారీగా విచారణ చేయిస్తాను. అభ్యంతరాలుంటే చెప్పుకోమని నోటీసు బోర్డులో పెడతాం. మార్చి పదో తేదీన విచారణ."

"పదిహేడున పరీక్షలు మేడమ్!"

"అందుకే తొందరగా వేశాను. మామూలుగా అయితే నెల రోజులు."

పద్దెనిమిదిమంది రెవెన్యూ సిబ్బంది గ్రామాలు తిరిగి, లోకం ఉన్నదీ లేనిదీ పంచనామా రాశారు. ప్రతి గ్రామంలో ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకున్నారు. కొండకింద ఒక పల్లెలో మాత్రం సాక్షులు, లోకం అంతమైతే ఏమవుతుందో ముందు చెబితేనే సంతకం పెడతామన్నారు.

ఈలోగా పదో తరగతి పిల్లలు కెజియా టీచరు ఇంటికి రావడం మొదలుపెట్టారు. నలభై ఇద్దరు పట్టే ఇల్లు కాదు. ఇశ్రాయేలు డిపో మేనేజరును బతిమిలాడి, షెడ్డు వెనక మూలన పడేసిన పాత బస్సు తుడిపించాడు. పిల్లలు సీట్లలో కూర్చున్నారు, టీచరు డ్రైవరు సీటు పక్కన బోర్డు వేలాడదీసింది. ముందు అద్దం మీద ఇంకా 'ఎక్స్‌ప్రెస్' అని రాసి ఉంది. మొదటిరోజు పావని అనే అమ్మాయి చెయ్యెత్తింది.

"టీచర్, మళ్ళీ తేదీ చెప్తారా మీ వాళ్ళు?"

బస్సు నిండా నవ్వు లేచింది. కెజియా టీచరు సుద్దముక్క డ్రైవరు సీటు మీద పెట్టి, వాళ్ళవైపు తిరిగింది.

"లెక్క వేసినాక సరిచూసుకోవాలని మీకు రోజూ చెప్తాను. నేను చూసుకోలేదు. అది నా తప్పు. ఇప్పుడు తొమ్మిదో లెక్క తియ్యండి."

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

గడువు ముగియడానికి ఒక్కరోజు ముందు నతానియేలు అభ్యంతరం దాఖలు చేశాడు. లోకాంతం జరిగిందన్నది తమ సంఘపు అధికారిక విశ్వాసమనీ, జరగలేదని ప్రభుత్వం పత్రం ఇస్తే సభ్యుల మనోభావాలు గాయపడతాయనీ, కెజియా టీచరు సంఘ క్రమశిక్షణను ఉల్లంఘించిందనీ రాశాడు.

పదో తేదీన తహసీల్దారు ఆఫీసు కిక్కిరిసిపోయింది. చెప్పుల్లేని సంఘంవాళ్ళు కూడా వచ్చి ఒక పక్కన నిలబడ్డారు. నతానియేలు ఫైలుతో లేచాడు.

"అధ్యక్షా, ఈ మండలం సహా యావత్ లోకం గత నెల ఇరవయ్యో తేదీన మూడు గంటలకు అంతమైపోయింది."

నాగరత్నకుమారి గారు ఇంకో ఫైలు తీశారు. "మీ సంఘం పోయిన సంవత్సరం శ్మశానానికి ఎకరం స్థలం కావాలని దరఖాస్తు పెట్టుకుంది. మందిరానికి బోరు కావాలని ఇంకోటి. ఇవి నా దగ్గర పెండింగులో ఉన్నాయి. లోకం అంతమైందని నేను రికార్డు చేస్తే ఈ రెండూ మూసేయాలి. మూసేయనా?"

నతానియేలు పక్కవాళ్ళతో గుసగుసలాడాడు. "ఆత్మలో అంతమైంది మేడమ్. భూమి రికార్డుల్లో కాలేదు. బోరు వరకు లోకం ఉన్నట్టే పరిగణించాలని మా విన్నపం."

"బోరుకు ఉండి, టీచరమ్మ ఉద్యోగానికి లేకుండా పోతుందా?"

"దానికి సబ్‌కమిటీ వేస్తాం మేడమ్."

జనం వెనకనుంచి కదిలారు. ఆటో దిగి, చేతికర్ర ఆనించుకుంటూ దైవాశీర్వాదం అయ్యగారు లోపలికి వస్తున్నారు. పద్దెనిమిది రోజులుగా ఆయన ఇంట్లోంచి బయటికి రాలేదు. నతానియేలు ఎదురు వెళ్ళి, "అయ్యగారూ, మీకెందుకు శ్రమ, మేం చూసుకుంటాం గదా," అన్నాడు.

"మీరు చూసుకుంటన్నారనే వచ్చినా నాయనా." ఆయన తహసీల్దారు బల్ల ముందు నిలబడ్డారు. "అమ్మా, నా మాట రాసుకోండి. లోకం అయిపోలేదు. ఆత్మలో గాదు, బయటా గాదు, అసలు అయిపోలేదు. నేను లెక్క తప్పినా. ఒకసారి గాదు, మూడుసార్లు తప్పినా. ఈ బిడ్డ నా మాట నమ్మి చీటీ రాసింది. నా తప్పుకు ఆమెను బడి బయట నిలబెట్టమాకండి."

గుమాస్తా కలం ఆపి అడిగాడు. "మీరు ఏ హోదాలో వాంగ్మూలం ఇస్తున్నారో రాయాలండీ. అధ్యక్షులా? సాక్షా?"

"తప్పు చేసినోడి హోదాలో రాయి నాయనా."

కెజియా టీచరు వెళ్ళి ఆయనకు కుర్చీ వేసింది. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టారు.

తహసీల్దారు అభ్యంతరాన్ని కొట్టేసి అక్కడికక్కడే పత్రం ఇచ్చారు. 'ఈ మండల పరిధిలో నేటి వరకు లోకము అంతము కాలేదని విచారణలో తేలినందున ఇందుమూలముగా ధృవీకరించడమైనది.' కింద చిన్న అక్షరాల్లో, అన్ని పత్రాల మీదా ఉన్నట్టే, 'చెల్లుబాటు కాలము ఆరు నెలలు' అని ఉంది.

మర్నాడు కెజియా టీచరు హాజరు పుస్తకంలో సంతకం పెట్టింది. పరీక్షలకు ఆరు రోజులు ఉన్నాయి. మే నెలలో ఫలితాలు వచ్చాయి. నలభై ఇద్దరిలో లెక్కల్లో తప్పినవాళ్ళు ఇద్దరే. ఆ ఇద్దర్నీ ఆమె మర్నాడే ఇంటికి పిలిచి పుస్తకాలు తెరిపించింది.

కథ ఇక్కడ ఆగాలి కానీ పట్టాభి గారు ఆగలేదు. ఒక్క టీచరు దగ్గరే ఈ పత్రం ఉండి మిగతావాళ్ళ దగ్గర లేకపోవడం సమానత్వానికి విరుద్ధమని ఆయనకు తోచింది. జిల్లాలోని ఉపాధ్యాయులందరూ ఆరు నెలలకొకసారి లోకం అంతం కాలేదన్న పత్రం దాఖలు చేయాలని సర్క్యులర్ వెళ్ళింది. మిగతా శాఖలు వెనకబడకూడదని అవి కూడా అదే పని చేశాయి. ప్రతి పత్రానికీ విచారణ ఉండాలి, విచారణకు వాంగ్మూలం ఉండాలి. ఈ విషయంలో రికార్డుల ప్రకారం వాంగ్మూలం ఇచ్చిన అనుభవజ్ఞుడు జిల్లా మొత్తానికీ ఒక్కడే ఉన్నాడు.

అలా దైవాశీర్వాదం అయ్యగారికి తహసీల్దారు ఆఫీసు వరండాలో ఒక బల్ల, కుర్చీ వేశారు. నతానియేలు సంఘాన్ని తీసుకుని విడిపోయాడు. నాలుగోసారి లోకాంతం తేదీ తేల్చడానికి లెక్కల సబ్‌కమిటీ పనిచేస్తోంది. అయ్యగారు మాత్రం రోజూ పదింటికి వచ్చి కూర్చుంటారు. టీచర్లు, కండక్టర్లు, నర్సులు, గుమాస్తాలు వరుసలో నిలబడతారు. వరుస మెల్లగా కదులుతుందని అందరికీ విసుగు, ఎందుకంటే ఆయన ఊరికే సంతకం పెట్టరు. ప్రతి మనిషికీ ఒకసారి లేచి, కర్ర పట్టుకుని, వరండా చివరిదాకా వెళతారు.

ఒకరోజు ఆసుపత్రి నర్సు ఒకామె డ్యూటీకి ఆలస్యమవుతోందని తొందరపడింది.

"ఇందాకే గదా చూసొచ్చారు అయ్యగారూ. నాకు చూడకుండానే పెట్టెయ్యరాదా?"

"ముప్పై ఏళ్ళు చూడకుండానే చెప్పినానమ్మా," అన్నారాయన. "ఒక్క నిమిషం ఆగు."

ఆయన మెల్లగా నడిచి వెళ్ళి బయటికి చూశారు. జామకాయల బండి మీద ఒకామె నీళ్ళు చల్లుతోంది. ఇద్దరు ఆడపిల్లలు ఒకే సైకిలు మీద ఎక్కడానికి తంటాలు పడుతున్నారు. ఎవరో ఎవర్నో గట్టిగా పేరు పెట్టి పిలుస్తున్నారు. ఆయన అదంతా తృప్తిగా చూసి, తిరిగొచ్చి కూర్చుని కలం తెరిచారు.

"ఉందమ్మా," అన్నారు. "నీ పేరు చెప్పు."